పగిలిన గాజు, మాడిపోయిన బల్బులు: ఇంట్లోంచి ఎలా బయటికి పంపాలి?

గాజు ముక్కను చెత్తబుట్టలో పడేస్తే మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ఆ తర్వాత సంచి మూతి కట్టేవాళ్లు, ఎత్తి బండిలో వేసేవాళ్లు, చివర్లో చెత్తను వేరుచేసేవాళ్లు, ఇలా ఇంకా చాలామంది చేతులు దాని మీద పడతాయి. ప్లాస్టిక్ సంచి గాజు పెంకును ఆపలేదు. సంచిని కాలికి ఆనించుకుని మోసే మనిషికి పిక్క తెగడానికి చిన్న ముక్క చాలు.

బల్బుల సంగతి ఇంకొంచెం వేరు. కొన్నింటిలో గాజు తప్ప భయపడాల్సిందేమీ లేదు. కొన్నింటిలో పాదరసం ఉంటుంది, కొన్నింటిలో చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఇంకొన్నింటిలో ఏకంగా బ్యాటరీయే ఉంటుంది. అన్నిటినీ ఒకే బుట్టలో వేయడం ఎంత తప్పో, అన్నిటికీ ఒకేలా టెన్షన్ పడటం అంత అనవసరం.

అందుకే ఏ వస్తువు పారేయబోతున్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరికైనా గుచ్చుకుంటుందా? దీని లోపల ఏముంది? మొదటిదాన్ని బట్టి ఎలా చుట్టాలో, రెండోదాన్ని బట్టి ఎక్కడికి పంపాలో తేలిపోతుంది. ఏ రంగు డబ్బాలో ఏది వేయాలన్నది మాత్రం ఊరూరికీ మారుతుంది కాబట్టి, ఆ విషయంలో మీ స్థానిక సంస్థ చెప్పిందే పాటించండి. ఇక్కడ చెప్పేవన్నీ ఎక్కడ ఉన్నా పనికొచ్చే జాగ్రత్తలు.

సీసాలు, గాజు డబ్బాలు

పగలని సీసా అసలు చెత్తే కాదు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిస్తే సీసా గాజు తయారవుతుంది. అదే కొలిమిలో పాత గాజు కూడా వేస్తే తక్కువ వేడికే కరుగుతుంది. వేసే సరుకులో పాత గాజు ప్రతి 10 శాతం పెరిగినప్పుడల్లా కొలిమికి అయ్యే ఇంధనం సుమారు రెండున్నర, మూడు శాతం తగ్గుతుంది. పైగా గాజును ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత పోదు. కాగితానికీ ప్లాస్టిక్‌కీ ఆ అదృష్టం లేదు.

అయితే ఆ కొలిమి దాకా చేరాలంటే సీసా కొంచెం శుభ్రంగా ఉండాలి. లోపల ఉన్నది పూర్తిగా ఖాళీ చేసి, కాసిని నీళ్లు పోసి ఒకసారి తొలిస్తే చాలు. తళతళలాడేలా తోమక్కర్లేదు, దానికోసం మంచినీళ్లు పారబోయనూ అక్కర్లేదు. మూత తీసేసి, అది లోహమైతే లోహంతో, ప్లాస్టిక్ అయితే ప్లాస్టిక్‌తో వేయండి. సీసా మెడకు పట్టుకున్న సన్నటి రింగు రాకపోతే దాంతో కుస్తీ పట్టకండి. లేబుల్ కూడా అలాగే ఉండనివ్వండి. కాగితపు లేబుల్ కొలిమి వేడికి కాలిపోతుంది.

రంగులు వేరుచేయమని మీ దగ్గర అడుగుతుంటే దానికి కారణం ఉంది. గోధుమ రంగు గాజులో ఇనుము, గంధకం ఉంటాయి. వెలుతురుకు పాడయ్యే మందుల్నీ పానీయాల్నీ అది కాపాడుతుంది. ఆకుపచ్చ రంగు సాధారణంగా క్రోమియం వల్ల వస్తుంది. ఒకసారి గాజులో కలిసిన రంగు మళ్లీ విడిపోదు. అందుకే తెల్ల సీసాల్లో పచ్చ సీసాలు కలిస్తే వాటితో మళ్లీ తెల్ల సీసా చేయడం కష్టం.

చోటు కలిసొస్తుందని సీసాలను పగలగొట్టి వేయకండి. చాలామంది ఇది మంచి పనే అనుకుంటారు. గాజును రంగుల వారీగా వేరుచేసే యంత్రాలకు మరీ చిన్న ముక్కలు అందవు. అవి మట్టితో, రాళ్లతో కలిసిపోయి చివరికి పనికిరాని సరుకుగా మిగులుతాయి. మధ్యలో వాటిని మోసేవాళ్ల చేతులు తెగడం సరేసరి.

కడిగి మళ్లీ వాడుకోగల సీసా ఉంటే అదే అన్నిటికన్నా మేలు. రెండు హెచ్చరికలు మాత్రం చెప్పాలి. పురుగుమందు, యాసిడ్, పెయింట్ థిన్నర్ లాంటివి ఉన్న సీసాను ఎంత కడిగినా తినేవాటికి వాడకండి. చల్లటి మందపాటి సీసాలో మరిగే నీళ్లు ఒక్కసారిగా పోయకండి. లోపలి వైపు వేడికి సాగుతుంటే బయటి వైపు ఇంకా చల్లగానే ఉండి, ఆ లాగుడుకు గాజు పగులుతుంది.

గోళ్ల రంగు, సెంటు, పురుగుమందు సీసాల్లో కొంచెమైనా మిగిలి ఉంటే సింకులో పారబోయకండి. సెంట్లలో ఎక్కువ భాగం ఆల్కహాలే, గోళ్ల రంగులో ద్రావకాలుంటాయి. రెండూ ఇట్టే అంటుకుంటాయి. వీటిని మూతతో సహా, ఇంట్లోని ప్రమాదకర రసాయనాలు తీసుకునే చోట ఇవ్వాలి. మిగిలిన మందుల్ని కూడా కాలువలో కలపకుండా, తిరిగి తీసుకునే మందుల షాపు ఉందేమో అడగండి.

అన్ని గాజులూ సీసా గాజు కావు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. గాజే కదా అని ఓవెన్‌లో పెట్టే గిన్నెను సీసాలతో కలిపేస్తారు. వేడికి తట్టుకోవడానికే దాన్ని బోరాన్ కలిపి తయారుచేస్తారు కాబట్టి సీసాలు కరిగే వేడికి అది సరిగ్గా కరగదు. కొత్త సీసా గోడలో గడ్డలాగా, చారలాగా ఉండిపోతుంది. ఆ సీసా సరిగ్గా అక్కడే పగులుతుంది. స్టవ్ పైన ఉండే గాజు పలక, పింగాణీ కప్పులు అయితే అసలు కరగవు. ఒకటి రెండు ముక్కలు కలిసినా మంచి సరుకు పాడవుతుంది.

సీసాల డబ్బాలో వేయకూడనివి ఇంకా ఉన్నాయి. నీళ్లు తాగే గ్లాసులు చూడటానికి సీసాలాగే ఉన్నా వాటి మిశ్రమం వేరుగా ఉండొచ్చు. క్రిస్టల్ గ్లాసులైతే మరీ. అసలైన క్రిస్టల్‌లో లెడ్ ఆక్సైడ్, అంటే సీసం అనే లోహం ఆక్సిజన్‌తో కలిసిన పదార్థం, కనీసం 24 శాతం, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. అద్దానికి వెనక లోహపు పూత, దాని మీద రంగు ఉంటాయి. కిటికీ గాజు కూడా సీసాలతో కలవదు. దానికి విడిగా సేకరణ ఉంటే అక్కడికి, లేదంటే కట్టడాల చెత్త తీసుకునే చోటికి పంపాలి. పగలకుండా ఉన్న గ్లాసులూ గిన్నెలూ ఎవరికైనా పనికొస్తాయేమో ముందు చూడండి. పగిలితే కింద చెప్పినట్లు చుట్టి మామూలు పొడి చెత్తలో వేయాలి.

గాజు పగిలినప్పుడు

చప్పుడు వినగానే ఇంట్లో అందరూ పరిగెత్తుకొస్తారు. ముందు వాళ్లను ఎక్కడివాళ్లను అక్కడే ఆపండి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ పక్క గదిలో ఉంచి తలుపు వేయండి. మీరు వట్టి కాళ్లతో ఉంటే కదలకుండా చెప్పులు తెప్పించుకోండి. మందపాటి గ్లౌజులు ఉంటే వేసుకోండి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే పలచటి రబ్బరు గ్లౌజులు గాజుకు అడ్డు కావు, ఉన్నాయన్న ధైర్యం మాత్రమే ఇస్తాయి.

గాజు ఎత్తడానికి ముందే దాన్ని వేయడానికి గట్టి అట్టపెట్టె ఒకటి పక్కన పెట్టుకోండి. చేతిలో ముక్కలతో పెట్టె కోసం వెతుక్కోవడం మంచిది కాదు. పెద్ద ముక్కల్ని ఒక్కొక్కటిగా, అంచులు కాకుండా పలక భాగం పట్టుకుని నేరుగా పెట్టెలో వేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చి చేత్తో మోయకండి. తర్వాత చీపురుతో బయటి నుంచి లోపలికి ఊడ్చుకుంటూ రండి. గాజు మనం అనుకున్నదానికన్నా చాలా దూరం ఎగురుతుంది. గ్లాసు గది మధ్యలో పగిలినా సోఫా కింద, గుమ్మం అవతల కూడా వెతకాలి.

ఊడ్చాక పని అయిపోయినట్లే కనిపిస్తుంది. అవలేదు. లైట్లు ఆర్పి, టార్చి లేదా ఫోన్ లైటును నేలకు ఆనించి, కాంతి అడ్డంగా పడేలా వేయండి. పైనుంచి చూస్తే కనబడని సన్నటి చీలికలు ఆ వెలుగులో మెరుస్తాయి. అరికాల్లో దిగేవి ఇవే. వాటిని తడిపిన టిష్యూ కాగితంతోనో, వెడల్పాటి టేపు జిగురు వైపుతోనో అద్ది తీయండి. గుడ్డ వాడొద్దు. ఉతికినా అందులో ముక్క ఉండిపోయి రేపు ఇంకెవరి చేతికో తగులుతుంది. వాడిన కాగితాలు, టేపు కూడా ఆ పెట్టెలోకే వెళ్లాలి. మెత్తటి చీపురులో ముక్కలు చిక్కుకుని ఉంటాయి కాబట్టి బయట బాగా దులపండి, చెప్పుల అడుగులు కూడా చూసుకోండి. తివాచీ మీద పగిలితే పెద్ద ముక్కలు తీశాక వాక్యూమ్ క్లీనర్ పనికొస్తుంది. ఇది మామూలు గాజుకు మాత్రమే. పాదరసం ఉన్న బల్బుకు వాక్యూమ్ ఎందుకు పనికిరాదో కింద చెబుతాను.

సింకులో గ్లాసు పగిలితే నురగలోకి చేయి పెట్టకండి. ముందు నీళ్లు పోనిచ్చి, ముక్కలు కనబడ్డాక తీయండి. దగ్గర్లో మూత లేని తినే పదార్థాలు ఉంటే, ఎంత దూరం చిట్లిందో చెప్పలేం కాబట్టి మొహమాటపడకుండా పారేయండి.

చేయి తెగితే ధారగా పడే నీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. గాజు లోతుగా దిగి ఉంటే లాగకండి. దాన్ని కదపకుండా చుట్టుపక్కల అదిమి డాక్టరు దగ్గరికి వెళ్లండి, టెటనస్ టీకా సంగతి కూడా అడగండి.

ఇక చుట్టడం. పెట్టెలోని ముక్కల చుట్టూ పాత పేపర్లు కుక్కి, లోపల గలగల కదలకుండా చేయండి. కదిలే గాజు ఎంతటి అట్టనైనా కోసుకుని బయటికొస్తుంది. మూత మూసి, అంచులన్నిటికీ టేపు వేయండి. కనీసం రెండు వైపుల ‘గాజు పెంకులు, జాగ్రత్త’ అని పెద్ద అక్షరాలతో రాయండి. అట్టపెట్టె లేకపోతే మూత గట్టిగా పట్టే ఖాళీ డబ్బా, చిన్న ముక్కలకైతే వెడల్పు మూతి ఉన్న మందపాటి ప్లాస్టిక్ సీసా సరిపోతాయి. దీన్ని సంచి అడుగున దాచకుండా విడిగా, కనబడేలా పెట్టండి. చెత్త తీసుకెళ్లే మనిషి చేతికి ఇస్తూ ‘ఇందులో గాజు ఉంది’ అని చెప్పగలిగితే ఇంకా మంచిది. రాసినది చీకట్లో కనబడకపోవచ్చు, అందరికీ చదవడం రాకపోవచ్చు.

అద్దం, టేబుల్ పలక, ఫ్లాస్కు

పెద్ద అద్దాన్ని ముక్కలు చేసి పెట్టెలో సర్దాలన్న ఆలోచన రాగానే మానుకోండి. దాన్ని అలాగే ఉంచి, రెండు వైపులా టేపును ఇంటూ గుర్తులా, ఆపైన అడ్డంగా కూడా అతికించండి. దారిలో పగిలినా ముక్కలు చెదరవు. పాత దుప్పటిలోనో అట్టలోనో చుట్టి, పడుకోబెట్టకుండా నిలువుగా మోయండి. అడ్డంగా పట్టుకుంటే మధ్యలో సొంత బరువుకే విరగొచ్చు.

గాజు టేబుల్ పలక, ఓవెన్ తలుపు, వంటగిన్నెల గాజు మూత చాలావరకు టెంపర్డ్ గాజు. ఇది పెంకులుగా పగలదు, ఒక్కసారిగా చిన్న చిన్న గుళ్లలా రాలిపోతుంది. అవి అంతగా కోయవు గానీ లెక్కలేనన్ని ఉంటాయి, ఊడ్చిందే మళ్లీ ఊడ్చుకోవాలి. ఇలాంటి గాజును కోయడం కుదరదు. అంచు మీద చిన్న దెబ్బ తగిలినా మొత్తం పోతుంది, కాబట్టి మూలల దగ్గర అట్ట మడిచి పెట్టండి.

ఫ్లాస్కు లోపలి గాజు సీసాకు రెండు గోడలుంటాయి, వాటి మధ్య గాలి ఉండదు. పగిలితే పెద్ద చప్పుడుతో లోపలికి కూలుతుంది. మెరిసే ఆ పూత పాదరసం కాదు, కంగారు పడకండి. గాజును పెంకుల పెట్టెలో వేసి, బయటి డబ్బాను ప్లాస్టిక్ లేదా లోహంతో కలపండి.

బల్బు ఏ రకమో ఎలా తెలుస్తుంది?

బల్బును పారేసే ముందు దాని అడుగు భాగం చదవండి. చాలావాటి మీద రకం ముద్రించి ఉంటుంది. పాదరసం ఉన్నవాటి మీద పాదరసానికి రసాయన శాస్త్రంలో వాడే ‘హెచ్‌జీ’ అనే ఇంగ్లిష్ అక్షరాలు కనబడతాయి. చక్రాల చెత్తడబ్బా మీద ఇంటూ కొట్టిన బొమ్మ ఉంటే దాన్ని మామూలు చెత్తలో వేయకూడదని అర్థం.

అక్షరాలు చెరిగిపోతే ఆకారం చూడండి. మెలికలు తిరిగిన లేదా మడత పెట్టిన తెల్లటి గాజు గొట్టం ఉంటే సీఎఫ్‌ఎల్. గాజు గోళం లోపల సన్నటి తీగ ఉంటే పాతకాలపు ఫిలమెంట్ బల్బు. పైన ప్లాస్టిక్ డోము, కింద బరువైన తెల్లటి మొదలు ఉంటే ఎల్ఈడీ. మోసం చేసేవి కూడా రెండు మూడున్నాయి. కొన్ని సీఎఫ్‌ఎల్‌లకు పైన గుండ్రటి గాజు తొడుగు ఉంటుంది, మెలిక లోపల దాక్కుంటుంది. గాజు గోళంలో సన్నటి పసుపు కడ్డీలు కనబడితే అది తీగ కాదు, ఫిలమెంట్ తరహా ఎల్ఈడీ. ఆ పసుపు విషమేమీ కాదు. ఎల్ఈడీ చిప్ నిజానికి నీలం కాంతినిస్తుంది, దాన్ని తెల్లగా మార్చే పొడి అది.

పొడవాటి ట్యూబుల్లోనూ ఇదే చిక్కు. పాత ట్యూబ్‌లైట్ అంతా ఒకేలా తెల్లగా ఉండి, వాడగా వాడగా రెండు చివర్లూ నల్లబడతాయి. ఎల్ఈడీ ట్యూబు వెనక సాధారణంగా అల్యూమినియం పట్టీ గానీ, లోపల చుక్కల వరస గానీ కనబడుతుంది. ఎటూ తేల్చుకోలేకపోతే పాదరసం ఉన్నదనే అనుకుని జాగ్రత్తపడండి. నష్టమేమీ లేదు.

ఫిలమెంట్ బల్బు, హాలోజన్

ఫిలమెంట్ బల్బులో టంగ్‌స్టన్ తీగ, కొంచెం ఆర్గాన్, నైట్రోజన్ వాయువులు ఉంటాయి. పగిలినా గాలిలో కలిసే విషమేమీ లేదు. చల్లారాక కాగితంలో చుట్టి పొడి చెత్తలో వేయొచ్చు. సీసాలతో మాత్రం కలపకండి. లోపల తీగలు, కింద లోహపు టోపీ ఉంటాయి, వాటిని విడదీసే ఓపిక ఎవరికీ లేదు.

హాలోజన్ కూడా దాదాపు అంతే, ఒక్క తేడాతో. లోపలి చిన్న గొట్టంలో వాయువు చల్లగా ఉన్నప్పుడు కూడా ఒత్తిడితో నిండి ఉంటుంది. సరదాకి పగలగొడితే ముక్కలు ముఖం మీదికి ఎగురుతాయి. వెలిగినప్పుడు మామూలు బల్బుకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, ఆపేశాక పూర్తిగా చల్లారే దాకా ముట్టుకోకండి.

ఎల్ఈడీ

వీటిలో పాదరసం లేదు. అయినా మామూలు చెత్తలో వేయకూడదు, ఎందుకంటే ఇది బల్బు వేషంలో ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువు. లోపల చిన్న సర్క్యూట్, కెపాసిటర్, సోల్డర్, వేడిని లాగే అల్యూమినియం ఉంటాయి. పాత ఫోన్లు, చార్జర్లు ఎక్కడ ఇస్తారో ఇవీ అక్కడే ఇవ్వండి. పగిలినా గది ఖాళీ చేయక్కర్లేదు, మామూలు గాజులాగే శుభ్రం చేస్తే చాలు.

కరెంటు పోయినా వెలిగే రీచార్జబుల్ బల్బును మాత్రం విడిగా చూడాలి. ఎల్ఈడీ అనే అంటారు గానీ అందులో చాలావరకు లిథియం బ్యాటరీ ఉంటుంది. చెత్తబండిలో నలిగితే ఆ బ్యాటరీ మండిపోతుంది, బండిలోని చెత్తంతా అంటుకుంటుంది. హోల్డర్ నుంచి తీశాక చేతిలోనే వెలుగుతోందంటే ఆ రకమేనని తెలిసిపోతుంది. బ్యాటరీ సులువుగా ఊడొస్తే దాని రెండు కొనలకూ టేపు వేసి బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. ఊడకపోతే పీకకండి, బల్బు మొత్తాన్ని బ్యాటరీ ఉందని చెప్పి ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీ కనబడితే ఇంట్లో దాచకండి.

సీఎఫ్‌ఎల్, ట్యూబ్‌లైట్

వీటిలో పాదరసం ఎందుకంటే, పాదరసపు ఆవిరిలోంచి కరెంటు పోయినప్పుడు కంటికి కనబడని అతినీలలోహిత కాంతి పుడుతుంది. గొట్టం లోపలి తెల్లపొడి దాన్ని మనకు కనబడే వెలుగుగా మారుస్తుంది. పాదరసం లేకపోతే ఆ దీపమే లేదు.

ఒక సీఎఫ్‌ఎల్‌లో ఉండేది సాధారణంగా 5 మిల్లీగ్రాములు, లేదా అంతకన్నా తక్కువ. పాత గాజు థర్మామీటర్‌లో అయితే సుమారు 500 మిల్లీగ్రాములు ఉంటుంది. కాబట్టి బల్బు ఒకటి పగిలిందని ఇల్లు వదిలి పోనక్కర్లేదు. అసలు బెడద చెత్తకుప్పలో ఉంది. లక్షల బల్బులు అక్కడ పగిలినా, కాల్చేసినా పాదరసం గాలిలోకీ, అక్కడి నుంచి నీటిలోకీ చేరుతుంది. నీటిలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారిస్తే అది చేపల్లోకీ, చేపల ద్వారా మనుషుల్లోకీ వస్తుంది. జపాన్‌లోని మినమాటా ఊళ్లో ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన ఈ విషం వల్ల ఎందరో నరాల జబ్బు బారిన పడ్డారు. ఆ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. ఆ ఊరి పేరు పెట్టిన అంతర్జాతీయ ఒప్పందం 2013లో కుదిరి, 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. చోక్ కలిసి ఉండే సీఎఫ్‌ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆపడానికి 2025నీ, పొడవాటి ట్యూబ్‌లైట్లకు 2027నీ ఆ ఒప్పందంలోని దేశాలు గడువుగా పెట్టుకున్నాయి. అంటే కొత్తవి రావడం ఆగిపోతోంది గానీ, ఇళ్లలో వెలుగుతున్న పాతవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా మాడిపోయే సమయం వచ్చింది.

మాడిన సీఎఫ్‌ఎల్‌ను తీసేటప్పుడు స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, గాజు గొట్టాన్ని కాకుండా కింది ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని తిప్పండి. గొట్టం పట్టుకుని మెలితిప్పితేనే ఎక్కువ బల్బులు విరుగుతాయి. కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే పాతదాన్ని పెట్టేయండి. ట్యూబుకు కూడా కొత్త ట్యూబు అట్ట సరిగ్గా సరిపోతుంది. ట్యూబులన్నిటినీ కట్టగా బిగించి కట్టకండి, ఒత్తిడికి పగులుతాయి. పిల్లలకు అందని చోట, దొర్లిపోకుండా పెట్టి, నాలుగైదు పోగయ్యాక ఒకేసారి ఇవ్వండి.

ఇచ్చే చోటు కోసం ముందు స్థానిక సంస్థను, తర్వాత బల్బులు అమ్మే పెద్ద షాపులను అడగండి. కొన్ని దేశాల్లో పాతవి వెనక్కి తీసుకోవడం చట్టప్రకారం అమ్మేవాళ్ల బాధ్యత. ఇలా పోగైనవాటిని రీసైక్లింగ్ కేంద్రాల్లో, మూసిన యంత్రాల్లో, గాలిని లోపలికి లాగుతూ పగలగొడతారు. పొడిని వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా తీసి పట్టుకుంటారు. పొడిలో ఇట్రియం, యూరోపియం లాంటి అరుదైన లోహాలు కూడా ఉంటాయి. గాజు, అల్యూమినియం వేరుగా పోతాయి. కేంద్రం దగ్గర్లో లేకపోతే పెట్టెలోనే ఉండనివ్వండి. మాడిన బల్బు పగలనంత కాలం పాదరసం బయటికి రాదు. పాతిపెట్టడం, కాల్చడం, పిల్లలు చప్పుడు కోసం ట్యూబులు పగలగొడుతుంటే చూస్తూ ఊరుకోవడం, ఈ మూడూ చేయకండి.

సీఎఫ్‌ఎల్ లేదా ట్యూబ్‌లైట్ పగిలితే

ఇక్కడ వరస ముఖ్యం, అందుకే అంకెలేసి చెబుతున్నాను.

1. అందరినీ గదిలోంచి పంపేయండి. వెళ్లేటప్పుడు ఎవరూ ముక్కల మీదుగా నడవకుండా చూడండి.

2. బయటికి తెరుచుకునే కిటికీలు తెరిచి, ఇంట్లోకి వెళ్లే తలుపు మూయండి. ఏసీ ఆన్‌లో ఉంటే ఆపేయండి. 5 నుంచి 10 నిమిషాలు గది అలాగే వదిలేయండి.

3. చీపురు, వాక్యూమ్ రెండూ పక్కన పెట్టండి. చీపురు పొడిని లేపుతుంది. వాక్యూమ్ పాదరసాన్ని గదంతా చిమ్ముతుంది, పైగా యంత్రం లోపల కూడా అంటుకుని ఉంటుంది.

4. గట్టి అట్టముక్కలు రెండు తీసుకుని, ఒకదాంతో రెండోదాని మీదికి ముక్కల్నీ పొడినీ తోయండి. వాటిని మూత బిగిసే గాజు సీసాలో వేయండి. అది లేకపోతే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరైనా ఫరవాలేదు.

5. మిగిలిన పొడిని టేపు జిగురు వైపుతో అద్ది తీసి, చివర్లో తడి టిష్యూతో తుడవండి. అట్టలు, టేపు, టిష్యూలు అన్నీ అదే సీసాలోకి.

6. మూత బిగించి సీసాను ఇంటి బయట, ఎవరికీ అందని చోట పెట్టండి. తర్వాత సీఎఫ్‌ఎల్‌లు ఇచ్చే చోటే ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

7. కిటికీలు ఇంకొన్ని గంటలు తెరిచే ఉంచండి.

మంచం మీద పగిలితే, ముక్కలూ పొడీ నేరుగా పడిన దుప్పటిని ఉతకకండి. ఉతికితే ఆ పాదరసం మెషీన్‌కీ, నీళ్లకీ అంటుకుంటుంది. ఎంత మంచి దుప్పటైనా ఆశ వదులుకోవాల్సిందే. గదిలో ఉన్నప్పుడు మీ ఒంటి మీదున్న బట్టలకు ఆవిరి మాత్రమే తగిలి ఉంటే, వాటిని మామూలుగా ఉతుక్కోవచ్చు. తివాచీ మీద పగిలిన చోట తర్వాతి రోజుల్లో వాక్యూమ్ చేయాల్సివస్తే ప్రతిసారీ కిటికీలు తెరిచి, ఏసీ ఆపి చేయండి.

వీటి కోవలోకే వచ్చే మరికొన్ని

పాత గాజు థర్మామీటర్‌లో వెండిలా మెరిసే ద్రవం ఉంటే అది పాదరసం. ఎరుపు రంగు ద్రవమైతే రంగు కలిపిన ఆల్కహాల్. వెండి రంగుది పగిలితే గోళీల్లా దొర్లే చుక్కల్ని అట్టముక్కతో ఒకచోటికి చేర్చి, డ్రాపర్‌తో పీల్చి సీసాలో వేయండి. వేలితో తాకకండి, సింకులో కడగకండి. నీటిని శుద్ధిచేసే కొన్ని యంత్రాల్లోని యూవీ దీపంలోనూ, బయట గోడల మీద పెట్టే మెటల్ హాలైడ్, సోడియం దీపాల్లోనూ పాదరసం ఉంటుంది. వాటినీ సీఎఫ్‌ఎల్‌తో పాటే పంపండి. ట్యూబ్‌లైట్ పట్టీలోని చోక్, స్టార్టర్ ఈ-వేస్ట్‌లోకి వెళ్లాలి. దశాబ్దాల నాటి పట్టీని విప్పితే చోక్ నుంచి నూనె కారుతూ కనబడొచ్చు. 1980కి ముందు నాటి వాటిలో పీసీబీ అనే విషపు నూనె ఉండే అవకాశం ఉంది, వట్టి చేత్తో ముట్టుకోకండి.

బల్బు హోల్డర్‌లోనే విరిగిపోతే

గాజు విరిగి చేతికొచ్చి, టోపీ మాత్రం హోల్డర్‌లో ఉండిపోవడం మామూలే. గోడ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, ఆ గదికి కరెంటు ఇచ్చే మెయిన్ కూడా ఆపండి. స్విచ్ తప్పు తీగకు వేసి ఉంటే, అది ఆపేసినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ముక్కలు కళ్లలో పడకుండా కళ్లజోడు పెట్టుకుని, కింద నేలమీద పాత పేపర్లు పరవండి. పిడికి రబ్బరు తొడుగున్న, సన్నటి ముక్కు ఉన్న ప్లయర్‌తో టోపీ అంచును పట్టుకోండి. మరలున్న రకమైతే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. రెండు పిన్నులుండే రకమైతే ముందు లోపలికి నొక్కి, ఆ తర్వాత అదే వైపు తిప్పాలి. బంగాళాదుంప గుచ్చి తిప్పమని కొందరు చెబుతుంటారు. దాని రసం హోల్డర్‌లో చేరి తుప్పు పట్టిస్తుంది, మెయిన్ ఆపడం మరిస్తే షాక్ కొడుతుంది. టోపీ కదలకపోతే బలవంతం చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి హోల్డరే మార్పించండి. అందులో విరిగింది సీఎఫ్‌ఎల్ అయితే, మెయిన్ ఆపిన వెంటనే కిటికీలు తెరిచి బయటికి వెళ్లండి. పది నిమిషాల తర్వాతే స్టూలు ఎక్కండి.